ఒక స్క్రూ, ఒక గంట



మన గ్రూపులో నోటిఫికేషన్ల గురించి, పోడు పట్టాల గురించి, చదువుల గురించి బాగా రాసేవాళ్లు ఉన్నారు. నేను రాసేది అంత పెద్ద విషయం కాదు. ఒక స్క్రూ గురించి. కారు డెల్కో మూతకు ఉండే చిన్న స్టార్ స్క్రూ. దాని తల నా చేతుల్లో అరిగిపోయింది. దానివల్ల నేను పోగొట్టుకున్నది మాత్రం చిన్నది కాదు. మనలో చాలామందికి పాత బళ్లున్నాయి, పాత కార్లున్నాయి, డబ్బులు మిగులుతాయని మనమే విప్పుతాం. అందుకే రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను ఉండేది మణికొండలో, మర్రిచెట్టు దాటాక ఒక సందులో. నలుగురం ఒకే రూము. అందరం చర్ల, దుమ్ముగూడెం మండలాలవాళ్లమే. ఒక తమ్ముడు ఫుడ్ డెలివరీ చేస్తాడు, ఒక తమ్ముడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు, బావ ఒక అపార్టుమెంటులో లిఫ్టులు చూస్తాడు. నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి, గచ్చిబౌలి వైపు ఒక ఐటీ బిల్డింగులో మెయింటెనెన్స్ పని చేస్తున్నా. అద్దాల లోపల ఏసీలు, లైట్లు, మోటార్లు ఆగకుండా చూసుకోవాలి. ఎక్కువగా నైట్ డ్యూటీ. పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తుంటే లాంకో హిల్స్ టవర్లు కనపడతాయి. వచ్చిన కొత్తలో వాటిని చూసి భయమేసేది. ఇప్పుడు అటువైపు మబ్బు పట్టిందా లేదా అని మాత్రమే చూస్తా.

నలుగురం కలిసి ఒక మారుతి 800 కొన్నాం. 1999 మోడల్, కార్బురేటర్ బండి, తెల్ల రంగు. 35 వేలు. ఎందుకు కొన్నామంటే ఊరికి పోవడానికి. భద్రాచలం దాకా బస్సులుంటాయి. ఆ తర్వాత చర్ల బస్సు దొరకాలి, దిగినాక మా గుంపుకి మూడు కిలోమీటర్లు నడవాలి. రాత్రిపూట ఎవరికన్నా బాగలేదని ఫోనొస్తే ఇక్కడ చేతులు పిసుక్కుంటూ కూర్చోవడం మాకు బాగా అలవాటైపోయింది. బండి ఉంటే ఎన్నింటికైనా బయల్దేరొచ్చు అనుకున్నాం. గుర్తుపెట్టుకోండి, బండి కొన్నదే దానికోసం.

వాన పడితే ఆ బండికి దగ్గొచ్చేది. మిస్సింగ్. నార్సింగి దగ్గర సర్వీసు రోడ్డు మీద రెండుసార్లు ఆగింది. మొదటిసారి ఒక షెడ్డుకు తీసుకుపోయాం. పేరెందుకు లెండి. అక్కడి కుర్రాడు నా బట్టలు చూశాడు, నా మాట విన్నాడు, "ఓనర్ ఏడున్నడు? ఓనర్‌కు ఫోన్ చెయ్" అన్నాడు. నేనే ఓనర్ అన్నా. నవ్వాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఇక జన్మలో ఏ షెడ్డుకూ పోను, నా బండి నేనే బాగు చేసుకుంటా అని ఆ రోజే అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే ఆ స్క్రూ అక్కడే సగం అరిగిపోయింది అనిపిస్తది.

ఒక రాత్రి వానలో డ్యూటీ నుంచి వచ్చి, బండి స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి చూశా. చీకట్లో డెల్కో మూత మీద సన్నగా నీలం మెరుపు పాకుతోంది. అప్పుడు అర్థమైంది జబ్బేంటో. తెలియనివాళ్ల కోసం చెప్తా. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ఇగ్నిషన్ కాయిల్ దాన్ని వేల వోల్టులకు పెంచుతది, 20 వేలు కూడా దాటొచ్చు. ఆ కరెంటును ఏ సిలిండర్‌కు ఎప్పుడు పంపాలో చూసేది డిస్ట్రిబ్యూటర్. మెకానిక్కులు డెల్కో అంటారు. లోపల రోటర్ తిరుగుతూ ఒక్కో ప్లగ్గు వైరుకు పంచుతది. మా బండికి మూడు సిలిండర్లు, మూడు ప్లగ్గులు. పైనున్న ప్లాస్టిక్ మూతలో సన్నటి చీలిక వస్తే, వాన తేమకు కరెంటు ప్లగ్గుకు పోకుండా ఆ చీలిక వెంట బయటికి జారుకుంటది. ఇంజన్ దగ్గుతది. కొత్త మూత, కొత్త రోటర్ వేస్తే అయిపోతది. పది నిమిషాల పని.

శనివారం లీవు పెట్టుకున్నా. సామాన్లు తెచ్చుకున్నా. సాయంత్రం ఆరింటికి రూము ముందర, వీధి లైటు కింద మొదలుపెట్టా. స్క్రూడ్రైవర్ మాత్రం రోడ్డు పక్కన బండి మీద 40 రూపాయలకు కొన్నది. రూములో ఫ్యాను బిగించడానికి, స్విచ్ బోర్డుకు, డబ్బా మూతలు తీయడానికి, అన్నింటికీ అదే. దాని ముక్కు అప్పటికే గుండ్రంగా అరిగి ఉంది. నేను చూడలేదు. చూసినా పట్టించుకునేవాణ్ని కాదు.

మా బండి డెల్కో మూతకు రెండు స్క్రూలు. కొన్ని రకాలకు స్ప్రింగు క్లిప్పులు ఉంటాయి, వాళ్లకు ఈ బాధ లేదు. ముందున్న స్క్రూ కొంచెం మొరాయించి వచ్చేసింది. వెనకది లోపలికి ఉంది. చెయ్యి సరిగ్గా దూరదు, కన్ను అసలు పోదు. స్క్రూడ్రైవర్ వంకరగా పెట్టి తిప్పా. కర్రుమని జారింది. మళ్లీ పెట్టి తిప్పా. మళ్లీ కర్రుమంది. ఆ చప్పుడు మీలో చాలామందికి తెలిసే ఉంటది. మొదటిసారి వినగానే ఆగాలి. నేను ఆగలేదు. ఇంకా కోపంగా తిప్పా. నాలుగోసారికి ప్లస్ గుర్తు పోయి చిన్న గుంట మిగిలింది. చుట్టూ మెరుస్తున్న ఇనప పొడి.

ఒక మాట. స్క్రూ చెడిపోయింది అంటే రెండు రకాలు. ఒకటి, తల మీద గాడి అరిగిపోవడం. రెండు, కింద మర తెగిపోవడం, మెకానిక్కులు చూడీ పోయింది అంటారు. గాడి పోతే ఇంకా దారులున్నాయి. మర పోతే ఖర్చు పెద్దది. నాది గాడి. అక్కడితో ఆపి పడుకుంటే పొద్దున ఎవరో ఒకరు తీసేవాళ్లు. నేను కటింగ్ ప్లేయర్‌తో పట్టా, జారింది. పాత మూతను పక్కనుంచి పెకలిస్తే స్క్రూ వదులవుతదేమో అని చూశా. టక్కుమని మూత చెవి విరిగింది. స్క్రూ మాత్రం దాని చోట అది కదలకుండా నిలబడి ఉంది. ఇప్పుడు పాత మూత పనికిరాదు. కొత్త మూత కూర్చోదు, ఆ రంధ్రంలో పాత స్క్రూ ఉంది కాబట్టి. బండి చచ్చింది. టైం తొమ్మిదిన్నర. పొద్దున చూద్దాంలే అని చేతులు కడుక్కున్నా.

పదింటికి ఊరి నుంచి ఫోను. మా పెద్దయ్య పోయాడు.

మా నాన్నకు అన్న. నన్ను పెంచిందంతా ఆయనే. మా గుంపులో మొట్టమొదటి సైకిలు ఆయనది, ఆ సైకిలుకు ఏం జరిగినా ఆయనే బాగు చేసుకునేవాడు. నేను హాస్టల్ నుంచి సెలవులకు వస్తే చక్రం బిగించేటప్పుడు పానా నా చేతికిచ్చి పక్కన కూర్చునేవాడు. నేను ఐటీఐలో చేరతా అంటే నాన్న వద్దన్నాడు. ఇప్పపువ్వు అమ్మిన డబ్బుతో ఫీజు కట్టింది పెద్దయ్య.

నలుగురం కిందికి దిగి బండి చుట్టూ నిలబడ్డాం. బావ ఏమీ అనలేదు. ఫుడ్ డెలివరీ తమ్ముడు మాత్రం, "అన్నా, ఈ రోజే విప్పాల్నా?" అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఆటోలో ఎల్బీనగర్ పోయేసరికి గంట పట్టింది. పదకొండున్నరకు బస్సు దొరికింది. నిలబడే పోయాం సూర్యాపేట దాకా. భద్రాచలంలో తెల్లారింది. చర్ల బస్సు ఎనిమిదింటికి. దిగి, వానలో నడిచి, గుంపు చేరేసరికి పది. తొమ్మిదింటికే అంతా అయిపోయింది. వాగు పొంగుతోంది, పైన ఇంకా కురుస్తోంది, ఆపలేకపోయాం బిడ్డా అన్నారు. వాళ్లది తప్పు కాదు. నేను బస్సులో కూర్చున్నంతసేపూ లెక్క వేసుకుంటూనే ఉన్నా. బండి బాగుంటే పదిన్నరకు బయల్దేరేవాళ్లం. మా 800 ఎంత మెల్లగా పోయినా ఏడు, ఏడున్నరకు ఊళ్లో ఉండేవాళ్లం. ఒక్క గంట. ఆ గంట ఆ స్క్రూ దగ్గర పోయింది.

కర్మలయ్యాక పెద్దమ్మ ఒక పాత పొగాకు డబ్బా నా చేతిలో పెట్టింది. పెద్దయ్య సైకిలు సామాన్ల డబ్బా. నట్లు, బోల్టులు, వాషర్లు, స్క్రూలు. కొన్ని నాకంటే పాతవి. మణికొండకు వచ్చాక ఒక రాత్రి దాన్ని పేపరు మీద గుమ్మరించి చూశా. తుప్పు పట్టినవి ఉన్నాయి, వంగినవి ఉన్నాయి. తల అరిగింది ఒక్కటి లేదు. ఆయన ఏ బడికీ పోలేదు.

ఆ తర్వాతి ఆదివారం సిగ్గు పక్కన పెట్టి పుప్పాలగూడ పోయే రోడ్డులో ఒక చిన్న షెడ్డుకు పోయా. పెద్ద వయసు ముస్లిం మెకానిక్కు. అందరూ చాచా అంటారు. ఓనర్ ఎవరని అడగలేదు. ఏమైందని అడిగాడు. మొత్తం చెప్పా, ఊరి సంగతి కూడా చెప్పా. ఆయన తన సంచి పట్టుకుని నాతో పాటు నడిచి వచ్చాడు.

ఆయన చేసిన పని ఒక్కోటి చెప్తా, ఎందుకంటే నేర్చుకోవాల్సింది అదే. మొదట బ్యాటరీ నెగెటివ్ వైరు తీశాడు. నేను ఎలక్ట్రీషియన్ అయ్యుండి అది కూడా తీయలేదు. తర్వాత నా ఫోన్ లైటు ఆర్పించి, తన టార్చి పెట్టి స్క్రూను చాలాసేపు చూశాడు. చుట్టూ తెల్లటి పొడి ఉంది. డెల్కో ఒళ్లు అల్యూమినియం, స్క్రూ ఇనుము. రెండు లోహాలు తేమలో ఏళ్ల తరబడి కలిసుంటే ఆ తెల్ల పొడి పుట్టి మరను పట్టేస్తదట. దాన్ని పిన్నీసుతో గీకాడు, పాత బ్రష్షుతో తుడిచాడు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టాడు. కొట్టి, "చాయ్ పిలావ్" అన్నాడు. నేను తొందరపడ్డా. "దవా కో టైం దేనా బేటా" అన్నాడు. మందు లోపలికి దిగాలి కదా మరి. ఇరవై నిమిషాలు చాయ్ తాగుతూ కూర్చున్నాం.

వచ్చి, స్క్రూ తల మీద చిన్న రాడ్డు ఆనించి సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేశాడు. ఆ అదురుకు మరలో పట్టు వదులుతదట. చుట్టూ ఉన్నది అల్యూమినియం, గట్టిగా కొడితే పగులుతది, అందుకే మెల్లగా. తర్వాత గ్రిప్ ప్లేయర్ తీసి, నోరు సరి చేసుకుని, స్క్రూ తలను పక్కల నుంచి కరిపించి లాక్ చేశాడు. నేను వాడిన కటింగ్ ప్లేయర్ చేత్తో నొక్కినంతసేపే పడతది. ఇది ఒకసారి కరిస్తే వదలదు. ఆ తర్వాత విప్పలేదు. బిగించాడు! వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి, అప్పుడు విప్పే వైపు తిప్పాడు. టిక్కుమంది. అంతే. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. నేను పక్కకు పోయి నిలబడ్డా. ఏడుపొచ్చింది, దాచుకున్నా.

డబ్బులు అడిగితే చాయ్ తాగినం కదా అన్నాడు. బలవంతం చేస్తే వంద తీసుకున్నాడు. పోతూ పోతూ నా 40 రూపాయల స్క్రూడ్రైవర్ ముక్కు మీద వేలు పెట్టి చూపించాడు. "యే చోర్ హై. పహెలే దబావ్, ఫిర్ ఘుమావ్." ఇది దొంగ, ముందు నొక్కు, తర్వాతే తిప్పు అని. నేనేమో నొక్కేది తక్కువ, తిప్పేది ఎక్కువ చేశా. స్టార్ స్క్రూకు పది వంతుల బలం పెడితే ఏడు వంతులు నొక్కడానికి, మూడు తిప్పడానికి పోవాలి. స్క్రూడ్రైవర్ నిటారుగా ఉండాలి. వంకరగా పెట్టడం కన్నా అడ్డమొచ్చేవి రెండు సామాన్లు విప్పి పక్కన పెట్టడం నయం, లేదా పొట్టి స్క్రూడ్రైవర్ కొనడం నయం.

చాచా ఇంకో మాట అన్నాడు. ఇవి జపాన్ వాలా పేచ్‌లు, నీ స్క్రూడ్రైవర్ వేరే అని. నైట్ డ్యూటీలో కూర్చుని దాని గురించి చదివా. మనం స్టార్ అనేదాన్ని ఫిలిప్స్ అంటారు. 1936లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ ఆ స్క్రూకు, డ్రైవరుకు పేటెంట్లు తీసుకున్నాడు, జనరల్ మోటార్స్ వాళ్లు కాడిలాక్ కార్లలో వాడటంతో అది ప్రపంచమంతా పాకింది. దాని గాడి గోడలు వాలుగా ఉంటాయి, అందుకే బలం ఎక్కువైతే డ్రైవర్ పైకి ఎక్కి జారిపోతది. జపాన్ వాళ్లు వాళ్ల కొలతతో ఇంకో ప్లస్ చేసుకున్నారు. జేఐఎస్ అంటారు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఫిలిప్స్ డ్రైవర్ ముక్కు జేఐఎస్ గాడిలో అడుగు దాకా దిగదు, పైపైన ఆడుతది. తిప్పితే అంచుల్ని తినేస్తది. జేఐఎస్ డ్రైవర్ మాత్రం ఫిలిప్స్ స్క్రూలో కూడా బాగానే కూర్చుంటది. చాలా జేఐఎస్ స్క్రూల తల మీద ప్లస్ పక్కన చిన్న చుక్క ఉంటది, అది గుర్తు.

మారుతి 800 మన దేశంలో పుట్టిందే సుజుకితో కలిసి. 1983 డిసెంబర్ 14న మొదటి కారు తాళంచెవులు ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్పాల్ సింగ్ అనే ఆయనకు ఇచ్చారు. 2014 జనవరిలో తయారీ ఆపేశారు. మధ్యలో ఆ బండితో పాటు జపాన్ పద్ధతి స్క్రూలు కూడా మన వీధుల్లోకి వచ్చాయి. కార్లే కాదు, జపాన్ కంపెనీల పొత్తుతో వచ్చిన బైకుల ఇంజన్ పక్క కవర్లకూ అదే ప్లస్. మన తమ్ముళ్లు డెలివరీకి తిప్పే బళ్లలో ఆ కవరు స్క్రూలు సగం అరిగిపోయి ఉంటాయి, గమనించండి. అది బండి తప్పు కాదు, మన చేతి బలం తక్కువై కూడా కాదు. ముక్కు కుదరలేదు, అంతే.

తర్వాతి నెల రాణిగంజ్ పోయా. పనిముట్లకు అక్కడ దొరకనిది తక్కువ. జేఐఎస్ స్క్రూడ్రైవర్లు 2 నంబరు పొడుగుది ఒకటి, పొట్టిది ఒకటి, 3 నంబరు ఒకటి. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ ఒకటి. గ్రిప్ ప్లేయర్. ప్లగ్గు పానా. తుప్పు స్ప్రే. వాల్వులు అరగదీసే పేస్టు చిన్న డబ్బా. గురువారం జుమ్మెరాత్ బజార్‌లో ఒక మంచి పాత సుత్తి కూడా దొరికింది. ఫుడ్ డెలివరీ తమ్ముడి బండి కవరు మీద నేర్చుకున్నా. కొంచెం అరిగిన గాడిలో ఆ పేస్టు చుక్క పెడితే దాని గరుకుకు డ్రైవర్ జారదు. పూర్తిగా అరిగిన దానికి, తల పైకి ఉంటే, హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా ఒక గాడి కోసి మైనస్ స్క్రూడ్రైవర్‌తో తీయొచ్చు. ఇంపాక్ట్ డ్రైవర్ కవరు స్క్రూలకు బాగుంటది, ఎందుకంటే సుత్తి దెబ్బే దాన్ని లోపలికి నొక్కుతది, అదే దెబ్బ తిప్పుతది. కానీ డెల్కో మూత లాంటి ప్లాస్టిక్ సామాను మీద దాన్ని వాడకండి, మూత ముక్కలవుతది. దేనికీ రాకపోతే స్క్రూ మధ్యలో డ్రిల్లు కొట్టి తీసే పనిముట్లున్నాయి. అది మాత్రం తెలిసినవాళ్లకే ఇవ్వండి. డ్రిల్లు విరిగి లోపల ఉండిపోతే దానికంటే గట్టి ఇనుము కావాలి దాన్ని తీయడానికి. కార్బురేటర్ దగ్గర నిప్పుతో వేడి చేయడం అసలు వద్దు. ఆ స్ప్రే కూడా అంటుకుంటది.

విప్పడం కంటే బిగించడం దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. రేపు విప్పేవాడి బాధ ఇవాళ బిగించేవాడి చేతిలోనే ఉంటది. స్క్రూను ముందు విప్పే వైపు మెల్లగా తిప్పండి, మర కలిసిన చోట చిన్న టిక్కు వినపడతది. అక్కణ్నుంచి బిగించే వైపు వేళ్లతోనే తిప్పండి. వేళ్లకు కష్టమైతే మర తప్పిందని అర్థం, పానా పెట్టకండి. మూత స్క్రూ కూర్చున్నాక చిన్న పట్టు చాలు. ప్లాస్టిక్‌ను నలపాల్సిన పని లేదు. పాత స్క్రూలు పడేసి చాచా నాకు ఆరు మూలల తల ఉన్న చిన్న బోల్టులు వేయించాడు, పానాతో విప్పుకోవచ్చు. పొడవు మాత్రం పాతదాంతో సరిగ్గా కొలిచాడు. ఎక్కువైతే లోపలికి పొడుచుకుపోయి వేరేవాటికి తగులుతది.

ప్లగ్గులు ఇంజన్ చల్లారాకే తీయండి. హెడ్డు అల్యూమినియం, వేడి మీద తిప్పితే మర ఊడి వస్తది. ప్లగ్గు వైరును వైరు పట్టుకుని లాగకండి, కింద రబ్బరు టోపీ పట్టుకుని లాగండి. వాషరున్న 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గును వేళ్లతో పూర్తిగా ఎక్కించాక, పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు.

కొత్త కార్లకు డెల్కో లేదు. ప్లగ్గు ప్లగ్గుకు ఒక కాయిల్, దానికి ఒక చిన్న బోల్టు, సాధారణంగా 10 నంబరు పానా పడతది. దానికి కావాల్సిన బిగింపు 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటది. ఎంతో తెలియాలంటే, 10 సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బియ్యం సంచి వేలాడితే ఎంతో అంత. మన చెయ్యి దానికి రెండింతలు తేలిగ్గా పెడతది. అందుకే పానాను చివర కాకుండా మెడ దగ్గర పట్టుకోండి. ఇంకోటి, స్టీరింగ్ కింద తాళంచెవి తిరిగే చోట ఉండే బోల్టుల తలలు గుండ్రంగా కనిపిస్తే అవి అరిగిపోయాయి అనుకోకండి. దొంగలు విప్పకుండా, బిగించేటప్పుడే తల తెగిపోయేలా వాటిని చేస్తారు. దాని జోలికి పోకండి.

ఈ లెక్కలన్నీ ఎవరైనా చెప్తారు. నేను చెప్పాలనుకున్నది ఇంకోటి ఉంది. మనం సిటీకొచ్చాక ఎవడో ఒకడు నవ్వుతాడు. ఆ నవ్వు మనసులో పెట్టుకుని, అడగాల్సిన చోట అడగడం మానేస్తాం. ఒంటరిగా చేసి చూపిద్దాం అనుకుంటాం. నేను ఆ రాత్రి స్క్రూను తిప్పలేదు, ఆ షెడ్డు కుర్రాడితో కొట్లాడుతున్నా. వాడు అక్కడ లేడు, స్క్రూ ఉంది. చాచా షెడ్డు మా రూముకు నడిచిపోయేంత దూరం. ఆ శనివారం సాయంత్రం ఏడింటికి తెరిచే ఉంది. తర్వాత అడిగి తెలుసుకున్నా. అది తెలుసుకోకపోయినా బాగుండేది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. బండి బాగున్నా దారిలో టైరు పోయేదేమో, వాగు దగ్గర ఆగిపోయేవాళ్లమేమో, ఎవరికి తెలుసు. బావ అదే అంటాడు నన్ను ఊరుకోబెట్టడానికి. కావచ్చు. కానీ ఊరికి పోవడానికి కొన్న బండిని, వానాకాలంలో, అరిగిన పనిముట్టుతో, చీకటి పడే టైంలో విప్పింది నేను. అందుకే ఇప్పుడు మా రూములో ఒక నియమం. బండిని పొద్దునే విప్పాలి, షెడ్లు తెరిచి ఉండే రోజే విప్పాలి. మొదటిసారి కర్రుమనగానే చెయ్యి తీసేయాలి.

పనిముట్ల పెట్టె మా రూములోనే ఉంది. మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, ఖాజాగూడ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఎవరికి కావాలన్నా తీసుకుపోండి, డబ్బులు అక్కర్లేదు. నేను డ్యూటీలో ఉంటే తమ్ముళ్లు ఇస్తారు. రాకపోతే ఆదివారం పొద్దున బండి తీసుకుని రండి, కలిసి విప్పుదాం. నాకు రాకపోతే చాచా దగ్గరికి పోదాం. ఒక్కటే షరతు. వాడేటప్పుడు ఏ స్క్రూడ్రైవర్ ముక్కైనా అరిగితే, ఏం కానట్టు మళ్లీ పెట్టెలో పెట్టకండి. చెప్పండి. నేను ఏమీ అనను, కొత్తది కొంటా. అరిగినదాన్ని తెలియక ఇంకొకరు పట్టుకుంటే ఏమైతదో నాకు తెలుసు.

పెద్దయ్య పొగాకు డబ్బా కూడా ఆ పెట్టెలోనే పెట్టా. సరిపోయే నట్టో స్క్రూనో ఉంటే అందులోంచి తీసుకోండి. మీ దగ్గర మిగిలినవి ఉంటే అందులో వేయండి. ఆయన అట్లనే చేసేవాడు.

మా బండి ఇప్పుడు వానలో దగ్గట్లేదు. పోయిన వారం ఊరికి పోయొచ్చాం. రాత్రి పదిన్నరకు బయల్దేరాం, కావాలనే. గుంపు చేరేసరికి ఏడుంబావు.